నాంచారమ్మ కోరిన సాయం

మణిధర రాజ్యంలో మేదరి నాంచారమ్మ బుట్టలల్లి, తల్లిలేని తమ్ముడు ఓబులేసుని పెంచి పెద్దచేసింది. నేలలోంచి నూనె ఊరే పొరుగుదేశం మీదికి రాజుగారి దండు కదిలినప్పుడు వాడూ వెళ్లాడు. తిరిగి రాలేదు.

చనిపోయినవాళ్ల ఇళ్లవాళ్లని రాజు కొలువుకి పిలిపించాడు.

"అక్కడి దొర పరమ క్రూరుడు. ఆ జనాన్ని కాపాడటానికే నీ తమ్ముడు ప్రాణమిచ్చాడు. ఏం కావాలో కోరుకో తల్లీ" అన్నాడు.

నాంచారమ్మ కళ్లు తుడుచుకుంది.

"ఉత్తరాన కొండసీమ దొర అంతకన్నా క్రూరుడట ప్రభూ. ఎదురు మాట్లాడితే నాలుకలు కోయిస్తున్నాడట. నా తమ్ముడి పేరు చెప్పి ఆ జనాన్ని కూడా కాపాడండి."

రాజు మంత్రివైపు చూశాడు. మంత్రి ఫక్కున నవ్వాడు.

"పిచ్చిదానా, అక్కడేముంది? ఎంత తవ్వినా రాళ్లే తప్ప చుక్క నూనె పడదు!"



"వాడు ఎందుకు చచ్చిపోయాడో మీ నోటినుంచే వినాలనుకున్నాను. విన్నాను. సెలవు ప్రభూ" అంది నాంచారమ్మ.

రాజు తలెత్తలేకపోయాడు. ఆ నెలలోనే దండుని వెనక్కి పిలిపించాడు. తల్లులు ఊరి పొలిమేరదాకా కొడుకులకి ఎదురెళ్లారు. నాంచారమ్మ గుమ్మంలో కూర్చుని, రాడని తెలిసీ, వచ్చేవాళ్ల ముఖాలు ఒక్కొక్కటే చూస్తూ ఉండిపోయింది.