ఎదురెళ్ళిన ఖాళీ

సెమీకండక్టర్ పాఠంలో శాంభవికి ఒక్క ముక్క ఎంతకీ మింగుడుపడలేదు. ఎలక్ట్రాన్ కదులుతుందంటే సరే. అది వదిలేసిన ఖాళీ కూడా కదులుతుందట! ఇది ఇటునుంచి, అది అటునుంచి వచ్చి రెండు పొరలు అతికే సంధి దగ్గర కలిస్తే ఎల్‌ఈడీ దీపం వెలుగుతుందట.

"లేనిది ఎలా నడుస్తుంది గురువుగారూ? నాకే అర్థం కానిది పిల్లలకేం చెప్పను? రేపు కొండమీది బడికి నేను వెళ్ళను," అంది.

ఆ బడికి పాఠం చెప్పడానికి వెళ్ళాల్సింది అసలు ఆమె నేస్తం మందాకిని. మొన్న చలికాలంలో జ్వరమొచ్చి చనిపోయింది. ఆశ్రమంలో అందరూ బాధపడ్డారు గానీ, శాంభవి మాత్రం తేరుకోలేదు. భోజనాల బంతిలో తన పక్కన మందాకిని చోట్లో రోజూ విస్తరి వేసేది. అక్కడ ఎవరినీ కూర్చోనిచ్చేది కాదు.

గురువు విశ్వంభరులు లేచారు. "పద తల్లీ, భోజనం వేళైంది," అన్నారు.

ఆ ఆశ్రమంలో ఒక కట్టడి ఉంది. విస్తళ్ళు వేశాక బంతి మధ్యలోంచి ఎవరూ నడవకూడదు. ఆలస్యంగా వచ్చినవాళ్ళకు గుమ్మం పక్కన చోటుంటే సరి, లేకపోతే రెండో బంతి దాకా ఆగాల్సిందే. ఆ పూట గుమ్మంలో ఒక కొత్త పిల్ల చేతిసంచితో నిలబడి ఉంది. చదువుకోవడానికి ఎంతో దూరంనుంచి బస్సులో వచ్చింది. ఆకలి దాచుకుందామన్నా దాగడం లేదు.

గురువు మందాకిని విస్తరికి అవతల కూర్చున్న కేశవయ్యను చూశారు.

"ఇటు జరుగు నాయనా."

శాంభవి వద్దనబోయింది. ఈలోపే కేశవయ్య జరిగి ఆ విస్తరి ముందు కూర్చున్నాడు. అతని చోట్లోకి పక్కాయన, ఆయన చోట్లోకి ఆ పక్కావిడ. ఒక్కొక్కరే ఇటు జరుగుతుంటే ఖాళీ అటు నడిచింది. నడిచి నడిచి గుమ్మం దగ్గర ఆగింది.

కొత్త పిల్ల సంచి దించి కూర్చుంది. విస్తట్లో వేడన్నం పడగానే మొహం వెలిగిపోయింది.

శాంభవికి కన్నీళ్ళు ఆగలేదు.

"మందాకిని చోటు పోయింది గురువుగారూ."

"పోలేదమ్మా. ఆ పిల్లకు ఎదురెళ్ళింది."

శాంభవి గుమ్మంవైపు చూసింది. తర్వాత కొంగుతో కళ్ళు తుడుచుకుంది.

"రేపు కొండకి బస్సు ఎన్నింటికండీ?" అని అడిగింది.