దివానుగారి వాటా చేపపిల్లలు

ఏటి ఒడ్డున గుంటలు తవ్వి, చేపపిల్లలను పెంచి అమ్ముకునేది నూకాలు. సంస్థానానికి కొత్తగా వచ్చిన దివాను చలమయ్య ఒకనాడు అటు వచ్చాడు. అప్పుడే గుడ్లలోంచి బయటపడ్డ పిల్లలు లక్షల్లో కదులుతుంటే ఆయన కళ్ళు మెరిశాయి.

"పుట్టినవాటిలో సగం మాకివ్వాలి. లేదంటే గుంటలు లాక్కుంటాం" అన్నాడు.

"వీటిలో బతికి పెద్దయ్యేవి ఏ కొన్నో అయ్యగారూ!" అని మొత్తుకుంది నూకాలు.

"అదంతా నాకు చెప్పకు. పుట్టినవాటిలో సగం, అంతే!"

మర్నాడు పొద్దున్నే దివాను వాకిట్లో నీళ్ళకుండలు బారులు తీరాయి.

"ఏమిటే ఇవి?"

"మీ వాటా అయ్యగారూ. పుట్టినవాటిలో సగమన్నారు, పుట్టగానే తెచ్చాను. వేళకు మేత వేయించండి. నీళ్ళు మార్పించండి. కొంగలు రాకుండా కాపలా పెట్టించండి" అని దణ్ణం పెట్టి వెళ్ళిపోయింది.

సాయంత్రానికి ఇంట్లో తవుడంతా అయిపోయింది. వంటవాడితో సహా నౌకర్లందరూ కొంగలను తోలుతున్నారు. నీచుకంపు భరించలేక దివాను భార్య పుట్టింటికి బండి కట్టించమంది. దివాను నూకాలును పిలిపించాడు.

"వీటిని తీసుకుపో తల్లీ! పెద్దయ్యాక అమ్మి, నీ ఖర్చులు పోగా మిగిలినదాంట్లో కొంత ఇద్దువుగాని."

"అలాగే అయ్యగారూ. మరి ఈ రోజు చచ్చినవి ఎవరి వాటాలో వెయ్యమంటారు?"

"నా వాటాలోనే వెయ్యి! ముందు కుండలెత్తు!"