మూడో గ్లాసు

చారుమతి తీసిన సినిమా ఎవరికీ అర్థం కాలేదు. ఇప్పటికి పదకొండుసార్లు కోసి అతికించింది. పదకొండోసారికి అది తనకు కూడా అర్థం కావడం మానేసింది.

ముగ్గురు ఆడవాళ్ల కథ అది. ఒకామె కానిస్టేబులు, ఒకామె బడిపంతులమ్మ, ఒకామె బ్యాంకు మేనేజరు భార్య. ఒకే ఊరు, ఒకే రోజు. ఒకరికొకరు తెలియకుండానే ఒకరి బతుకులోకి ఒకరు వచ్చిపోతుంటారని ఆమె ఉద్దేశం. సినిమా పేరు 'ముడి'. "కనపడని ఆడవాళ్ల కథ" అని పోస్టరు మీద ఎర్రక్షరాలతో రాయించింది కూడా.

ఉద్యోగం మానేసి, స్నేహితులను బతిమాలి, బొబ్బిలిలో ఇరవై రెండు రోజులు తీసింది. శనివారంలోగా చిత్రోత్సవానికి పంపాలి. లేకపోతే మళ్లీ ఏడాది. అంత ఓపిక అందులో చేసినవాళ్లకు లేదు, తనకూ లేదు.

చూసినవాళ్లంతా ఒకటే మాట. "బాగుంది గానీ, ఎవరికి ఎవరేమవుతారు?"

గురువారం మధ్యాహ్నం ల్యాప్‌టాప్ పట్టుకుని రత్నమ్మ ఇంటికి వచ్చింది.

రత్నమ్మ మద్రాసు ఎడిటింగు గదుల్లో ముప్ఫై ఏళ్లు రీళ్లు కోసి అతికించిన మనిషి. తెర మీద పేరు మాత్రం ఎప్పుడూ పక్క కుర్చీలో కునికే మగాడిదే పడేది. ఇప్పుడు బొబ్బిలిలో ఉంటోంది. చారుమతికి పని నేర్పింది ఆమే. కోసినదీ కోయనిదీ మొత్తం చారుమతి వారం కిందటే ఆమెకు పంపింది.

"చూశారా?"

"చూశాను. నీ పేరుకు తగ్గట్టు చారే. వాసన ఘుమఘుమ. గరిటె పెట్టి కలిపితే ఏమీ తగల్లేదు."

చారుమతి మొహం చిన్నబోయింది.

"కూచో. నా ముందు ఒకసారి ఆడించు."

బల్ల గోడవారగా ఉంది. చారుమతి వంటింటి గుమ్మానికి వీపు పెట్టి కూచుంది. సినిమా మొదలైంది. వెనకనుంచి ఎవరో మంచినీళ్ల గ్లాసు తెచ్చి పక్కన పెట్టారు. ఆమె తెర మీంచి కళ్లు తీయకుండానే అందుకుని తాగింది.

పదో నిమిషంలో రత్నమ్మ ఆపించింది. "ఈ కానిస్టేబులు ఏదో చెప్పబోతోంది. నోరు తెరవగానే కోసేశావెందుకు?"

"వెనకాల వంటక్క వచ్చేసిందండీ."

"ఎవరు?"

"షూటింగులో మాకు వండిపెట్టినావిడ. జనం చాలక, వెనకాల ఊడుస్తూ ఉండమన్నాం."

"ఊఁ. కానివ్వు."

పంతులమ్మ వరండాలో నిలబడి ఏడుస్తోంది. ఏడుపు సగంలో సినిమా ఇంకెక్కడికో దూకింది.

"ఇక్కడ?"

"ఇక్కడా వంటక్కేనండీ. పిల్లలకు మధ్యాహ్న భోజనం వండుతూ కనపడుతోంది."

ఈసారి మజ్జిగ వచ్చింది. చారుమతి అదీ తాగింది.

మేనేజరు భార్య తలుపు తీసి నవ్వింది. గుమ్మంలో ఎవరూ లేరు.

"ఎవరిని చూసి నవ్వింది ఈ పిల్ల?" అంది రత్నమ్మ. "గాలినా?"

"అంట్లు తోమడానికి వచ్చిన మనిషిని చూసండీ. ఆ మనిషీ వంటక్కే. మూడు చోట్లా ఒకే మొహం ఉంటే పట్టేస్తారు కదా! కంటిన్యూటీ తప్పు. తీసేటప్పుడు ఎవరం చూసుకోలేదు. కోయగలిగినచోట కోశాను, వీల్లేనిచోట కంప్యూటర్లో తుడిచేశాను. మూడు నెలలు పట్టింది. ఇప్పుడు ఎంత వెతికినా దొరకదు."

చివరి మాట కాస్త గర్వంగానే అంది.

"ఆవిడ పేరేంటి?"

"వంటక్కండీ."

"అది నువ్వు పెట్టిన పేరు."

చారుమతి తడుముకుంది. "టైటిల్స్‌లో వేశానండీ. 'భోజనం: వంటక్క' అని."

రత్నమ్మ మళ్లీ తెర వైపు తిరిగింది. సినిమా అయిపోయింది.

"నాకేం తోచడం లేదండీ," అంది చారుమతి. "ఎక్కడ ముడేస్తే కలుస్తాయి ఈ కథలు? చివర ముగ్గురినీ తెచ్చి బస్టాండులో వానలో నిలబెట్టాను. రబ్బరు గొట్టంతో గంటసేపు వాన కురిపించాను. తడిసి ముద్దయ్యారు గానీ కలవలేదు. ఎక్కడ తప్పు చేశానో కూడా తెలీడం లేదు."

"ముందు అది తాగు."

పక్కన టీ పొగలు కక్కుతోంది. ఎప్పుడు వచ్చిందో. తాగింది.

"ఎలా ఉంది?"

"బాగుందండీ."

"ఎవరిచ్చారు?"

"మీ ఇంట్లో పనిచేసే..."

"మా ఇంట్లో నేను తప్ప ఎవరూ పనిచెయ్యరు. నేను నీ పక్కనుంచి లేవలేదు. మజ్జిగ ఎవరిచ్చారు? అంతకుముందు మంచినీళ్లు?"

చారుమతి వెనక్కి తిరిగింది.

గుమ్మంలో వంటక్క నిలబడి ఉంది. నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వు ఆపుకుంటోంది.

"ఓడిపోనారు రత్నమ్మగారూ! బెల్లం దిమ్మ నాదే."

"నీదే," అంది రత్నమ్మ. చారుమతి వైపు తిరిగింది. "సంతలో కనపడితే, నువ్వు పంపిన కోయనిదాంట్లో చూసిన మొహమే అని పోల్చి, సినిమా చూద్దువు రమ్మన్నాను. తనే పందెం కాసింది, మీ డైరెక్టరమ్మ నన్ను పోల్చుకోదని. 'ఇరవై రెండు రోజులు నీ చేతి తిండి తింది, మూడు నెలలు కళ్లు చికిలించుకుని నిన్నే వెతికి తుడిచింది, ఎందుకు పోల్చుకోదూ' అని తనతో అన్నాను నేను."

చారుమతికి మొహం ఎక్కడ పెట్టుకోవాలో తెలీలేదు. లేచి నిలబడింది.

"అక్కా, నువ్వు మూడు చోట్లా కెమెరాలో పడ్డావు. అదో తప్పయిపోయింది. నీది కాదు, మాదే..."

"తప్పేటమ్మా?" వంటక్క నిజంగానే అర్థం కానట్టు చూసింది. "మూడు సోట్లా నాను ఒక్కదాన్నే గదా. పొద్దున్న ఠాణా ఊడ్సినాను. పదింటికి బళ్లో వండినాను. సాయంత్రం మేనేజరు గారింట్లో అంట్లు తోమినాను. మా అప్ప, నా తోడబుట్టినది, రోజూ అంతే సేస్తాది. ఆ మనిసి కతే తీస్తన్నారనుకున్నాను."

చారుమతి ల్యాప్‌టాప్ వైపు చూసింది.

"ఒక్క రోజు కత అన్నారు గదా, అందుకే మూడు సోట్లా ఆ నీలం సీరే కట్టినాను. పనికి పోయే మనిసి పూటకో సీర మారుస్తాదేటి?"



రత్నమ్మ తన కుర్చీ జరిపి, వంటక్కకు మధ్యలో చోటు చేసింది. "సినిమా చూడ్డానికి వచ్చిన మనిషి. కోయనిది ఆడించు."

చారుమతి కూచుంది. కూచుని, తెర వైపు చూస్తూనే అడిగింది. "నీ పేరేంటక్కా?"

"సన్యాసమ్మ. మొదటి దినమే అడిగుంటే మొదటి దినమే సెప్పుదును."

తెర మీద ఠాణా. కానిస్టేబులు నోరు తెరిచింది. వెనకాల తలుపు దగ్గర నీలం చీర అంచు కనపడింది. చారుమతి వేలు అలవాటుగా కోసే మీట మీదికి పోయింది.

రత్నమ్మ ఆ చేతిలో ఖాళీ టీ గ్లాసు పెట్టింది. "పట్టుకో."

తెర మీద సన్యాసమ్మ చీపురుతో లోపలికి వచ్చింది. ఊడ్చుకుంటూ కుర్చీ దగ్గరికి రాగానే, కానిస్టేబులు మాట ఆపకుండానే రెండు కాళ్లూ పైకెత్తింది. చీపురు కింద నుంచి పోయింది. కాళ్లు దిగాయి. ఆ కాళ్లెత్తడం చారుమతి అప్పటిదాకా గమనించలేదు.

"అదిగో, అది నానే," అంది సన్యాసమ్మ చిన్న గొంతుతో.

నీలం చీర ఈ చివర నుంచి ఆ చివరికి నడిచింది. చెత్త ఎత్తుకుంది. గుమ్మం దాటింది. కనపడకుండా పోయింది.

రత్నమ్మ చారుమతి చేతిలోని గ్లాసు తీసుకుంది.

"ఇప్పుడు కొయ్యి," అంది.