నింగమ్మ చూపు

ఆఫ్రికాలో, ఎర్రమట్టి దారులు గడ్డిలోకి పోయి కనపడకుండా పోయే ఒక మైదానంలో, నీటిమడుగు ఒడ్డున ఒక సఫారీ లాడ్జి ఉంది. తెల్లవారుజామున మంచు పట్టినప్పుడు దాని గడ్డికప్పుల గదులు నేల మీద ఉన్నట్టుండవు, పాల మీద మీగడలా తేలుతుంటాయి. ఆ వేళకి అతిథులు కంబళ్ళు కప్పుకుని, వేడి టీ తాగి జీపెక్కుతారు. జంతువుల్ని చూద్దామని వాళ్ళొస్తారు, వాళ్ళని చూద్దామని జంతువులూ వస్తాయి. ఎవరి సరదా వాళ్ళది.

అక్కడ నింగమ్మ అనే జిరాఫీ ఉండేది. ఊరందరిదీ ఒక దారి, ఉలిపికట్టెది ఒక దారి అన్నట్టు, అందరూ మేత చూసుకుంటుంటే ఈవిడ మబ్బులు చూసేది. తల అంతెత్తున ఉంది కదా అని ఒకప్పుడు జింకలూ జీబ్రాలూ ఆవిడనే కాపలా పెట్టుకున్నాయి. కానీ పోయిన వానాకాలం నింగమ్మ ఇంద్రధనుస్సు చూస్తూ మైమరచి నిలబడ్డ పూట, ఒక జీబ్రా పిల్లని దుమ్ములగొండి ఎత్తుకుపోయింది. ఆ తర్వాత ఆవిడకి కాపలా అప్పగించినవాళ్ళు లేరు. ఎవరూ పల్లెత్తు మాట అనలేదు గానీ, నింగమ్మ మాత్రం ఆ పిల్ల అరుపు మరిచిపోలేదు.

ఆ పొద్దున సన్నమ్మ అనే జింక ఆవిడ దగ్గరికి పరిగెత్తుకొచ్చింది.

"అక్కా! నా బిడ్డ పుట్టి నాలుగు రోజులైంది. అదిగో, ఆ చెదలపుట్ట పక్కన గడ్డిలో పడుకోబెట్టాను. నేను పిలిచేదాకా చెవి కూడా కదపొద్దన్నాను. గొంతెండిపోతోందక్కా. మడుగు దాకా వెళ్ళొస్తా, ఓ కన్నేసి ఉంచవూ?"

"నన్నే అడుగుతున్నావా చెల్లీ? నా సంగతి తెలిసే?"

"తెలిసే అడుగుతున్నా. ఒకసారి దెబ్బతిన్నదానివి, నీకన్నా జాగ్రత్తగా ఎవరు చూస్తారు?"

ఆ మాటకి నింగమ్మ కళ్ళలో నీళ్ళు తిరిగాయి. సరేనంది. సన్నమ్మ వెళ్ళింది.

కాసేపటికి గవరయ్య అనే నక్క తోక ఊపుకుంటూ వచ్చాడు. ఊరికే రాలేదు. పడమటి ముళ్ళపొదలో మచ్చల దొర అనే చిరుత పొంచి ఉన్నాడు. ఆ పొదకీ చెదలపుట్టకీ మధ్య నాలుగు దూకుల దూరం. నింగమ్మ చూపు అటు పోకుండా మళ్ళిస్తే, దొర తినగా మిగిలిన ఎముకలు గవరయ్యవి. అదీ వాళ్ళ ఒప్పందం.

"వదినా, నిన్నే వెతుక్కుంటూ వచ్చా. తూర్పుకొండ మీద ఆ మబ్బు చూశావూ?"

"చూడలేదయ్యా. పనిలో ఉన్నా."

"అయ్యో, నువ్వు చూడకపోతే వానెలా వస్తుంది? నువ్వు రెప్పవెయ్యకుండా చూస్తే మబ్బు కరుగుతుందని మా తాత చెప్పేవాడు. గడ్డంతా ఎండిపోయింది, పిల్లతల్లులకి పాలు లేవు. ఒక్కసారి చూడు, నీకు పుణ్యముంటుంది."

వాన మాట ఎత్తితే నింగమ్మ ఆగలేదు. ఒక్కసారే కదా అని మెడ తిప్పింది. కొండ మీద తెల్లటి మబ్బు. అంచున లేత ఎండ. చూస్తుండగానే అది విడివడి రెండు జిరాఫీలయింది. అవి మెడలు పెనవేసుకుని మెల్లగా నడుస్తున్నాయి. వాటి కాళ్ళ కింద నీలం నీళ్ళు. నింగమ్మకి తన కాళ్ళు కూడా నేలని విడిచినట్టనిపించింది. చెదలపుట్ట, గడ్డి, సన్నమ్మ మాట, అన్నీ ఎక్కడో కింద ఉండిపోయాయి.

ఆ దారినే లాడ్జి జీపు వచ్చింది. సైతోటి అనే డ్రైవరు పాతికేళ్ళుగా ఒకటే లెక్క నమ్ముకున్నాడు. జిరాఫీ తదేకంగా ఎటు చూస్తే అటు చిరుతో సింహమో ఉంటుంది. నింగమ్మ తూర్పుకేసి చూస్తోందని జీపు తూర్పుకి తిప్పాడు. అక్కడ రాళ్ళు తప్ప ఏమీ లేవు. "మూడు రోజులైంది బాబూ, ఒక్క చిరుతా కనపడలా," అని కాకినాడ నుంచి వచ్చిన మంకీక్యాపు పెద్దావిడ నిట్టూర్చింది.

గవరయ్య పడీపడీ నవ్వాడు. పొగిడేవాడికి ఎక్కడ ఆగాలో తెలీదు.

"చూశావా వదినా నీ మహిమ! మబ్బే కాదు, ఆ జీపు కూడా నీ చూపు వెంటే పోతుంది. నువ్వెటు చూస్తే మనుషులంతా అటే!"

"నేనెటు చూస్తే అటా?" అంది నింగమ్మ, ఇంకా మబ్బులోనే ఉండి.

"అటే మరి!"

ఆ తబ్బిబ్బులో సిగ్గేసి నింగమ్మ తల దించింది. దించితే చెదలపుట్ట కనపడింది. గాలి లేదు. కానీ ముళ్ళపొద ముందు గడ్డి కదులుతోంది. ఒక దూకు దూరం అప్పుడే తగ్గిపోయింది.

అరుద్దామనుకుంది. అరిస్తే పసిది బెదిరి లేస్తుంది, లేస్తే చిరుత నోట్లో పడుతుంది. తన్నుదామంటే తను చేరేలోగా వాడు చేరతాడు. తనకి మిగిలింది చూపొక్కటే. నింగమ్మ నాలుగు కాళ్ళూ నేలలో దిగేసి, మెడ నిటారుగా ఎత్తి, ఆ గడ్డి వైపు రెప్పవెయ్యకుండా చూసింది. కొండ మీది మబ్బు ఎంత పిలిచినా ఆవిడ పలకలేదు.

"వదినా, మబ్బు అటుంది!" అన్నాడు గవరయ్య కంగారుగా.

"నువ్వేగా అన్నావయ్యా? నేనెటు చూస్తే అటేనని."

దూరాన జీపు ఆగింది. తిరిగింది. దుమ్ము రేపుకుంటూ వచ్చి ముళ్ళపొద పక్క దారిలో నిలబడింది. దాని వెనక ఇంకో రెండు. పదిహేను మంది ఒక్కసారిగా లేచి నిలబడ్డారు. "అదిగో! అదిగో!" అన్న గుసగుసలు, కెమెరాల టిక్కుటిక్కులు. "నక్కతోక తొక్కొచ్చాం ఇవాళ!" అని పెద్దావిడ సంబరపడిపోయింది. గవరయ్య గబుక్కున తోక ముడుచుకున్నాడు.

జీపులు గుమిగూడితే అక్కడ ఎవరున్నారో ఆ మైదానంలో తెలియనివాళ్ళు లేరు. కోతులు చెట్లెక్కి కిచకిచలాడాయి. జింకలు బుసకొట్టాయి. మడుగు దగ్గర్నుంచి సన్నమ్మ ఒక్క పిలుపు పిలిచింది. జనం వైపు గుర్రుమంటున్న చిరుత తేరుకునేలోగా, పసిది గడ్డిలోంచి లేచి పిల్లగాలిలా తల్లిని చేరుకుంది.

మచ్చల దొర మొహం మాడ్చుకుని లేచాడు.

"ఏరా గవరా! ఆ జిరాఫీ కళ్ళు మళ్ళిస్తానని చెప్పి, ఈ తిరనాళ్ళు నా మీదికి తోలుకొచ్చావా? ఇంతమంది చూస్తుంటే వేట సాగేదెలా?"

"దొరా, నాదేం తప్పు లేదు, ఆవిడ..."

దొర పళ్ళు చూపించాడు. గవరయ్య మిగతా మాట పరిగెడుతూ చెప్పుకున్నాడు.

సన్నమ్మ పిల్లని నాకుతూ వచ్చింది. "మాట నిలబెట్టావక్కా!"

"లేదు చెల్లీ. మధ్యలో మబ్బుల్లోకి పోయాను. చాలా దూరం పోయాను."

"తిరిగొచ్చావుగా. చాల్లే," అంది సన్నమ్మ.

మధ్యాహ్నానికి తూర్పుకొండ మీది మబ్బు నల్లబడింది. నక్క చెప్పిన అబద్ధం ఆ ఒక్క రోజుకి నిజమైంది. లాడ్జి వసారాలో అతిథులు టీ తాగుతూ వాన చూశారు, నింగమ్మ పసిది తడవకుండా దాని మీదుగా కాళ్ళు ఎడంగా పెట్టి నిలబడి వాన చూసింది. ఎముక ముక్కయినా దొరకని గవరయ్య రాళ్ళ మధ్య తడిసి ముద్దయి కూర్చున్నాడు.

ఎదుటివాళ్ళ కళ్ళు కప్పాలని మితిమీరి పొగిడినవాడు, ఆ కళ్ళకున్న బలమేమిటో తన నోటితోనే వాళ్ళకి చెప్పేస్తాడు.