పొంగలి మోసిన నిచ్చెన

రండి రండి, ఆ గుమ్మంలో నిలబడతారేం, లోపలికి వచ్చి కూర్చోండి. వెనకున్న తాతగారూ, దుప్పటి చెవుల మీంచి కాస్త తియ్యండి, లేకపోతే కథ నాకు, కునుకు మీకు మిగుల్తుంది. పిల్లల్ని ముందు కూర్చోబెట్టండి. నవ్వొస్తే నవ్వండి, రాముడేమీ అనుకోడు.

పొగకొండ వలస అని ఓ ఊరుంది. కొండ పైన ఇళ్ళు, కొండ కింద రామకోవెల. ఆ ఊళ్ళో అందరికంటే పైనున్న ఇల్లు పారినాయుడిది. ఇంట్లో ముగ్గురు మనుషులు, రెండు కుక్కలు. పారినాయుడు, పెళ్ళాం చిలకమ్మ, తమ్ముడు దాలినాయుడు. కుక్కలు కర్రిగాడు, బుల్లిగాడు. ఈ ముగ్గురికీ ఒక్కటే గర్వం: ఎవరేం చెప్పినా అక్షరం పొల్లు పోకుండా చేస్తామని.

"ఊళ్ళో వాళ్ళు సగం విని సగం చేస్తారు. మనం పూర్తిగా విని పూర్తిగా చేస్తాం. అదే తెలివంటే," అనేవాడు పారినాయుడు.

ఆ తెలివే వాళ్ళ కొంప మీదికి వచ్చింది. ధనుర్మాసం నెల్లాళ్ళూ కోవెలకి రోజుకో ఇంటి నుంచి పొంగలి వెళ్ళాలి. ఇరవయ్యో రోజు వీళ్ళ వంతు. తాతలనాటి వంతు. చిలకమ్మ అత్తగారు పోయేముందు ఇత్తడి గుండిగ కోడలి చేతిలో పెట్టి, "వంతు పోనీకే తల్లీ" అని కన్నుమూసింది.

కానీ రెండేళ్ళుగా వీళ్ళ పొంగలి వేళకి రావడం లేదు. మొదటి ఏడు పూజారి ఆచార్యులుగారు "చల్లారకుండా తెండి నాయనా" అన్నారు. ఇంకేముంది! మండుతున్న పొయ్యితో సహా మోసుకొస్తూ దారిలో నాలుగుసార్లు చేతులు కాల్చుకున్నారు. రెండో ఏడు "తొందరపడకండి, నిదానంగా తెండి" అన్నారు. అంతే, అడుగుకి అడుగు ఆనించి నడిచి, పొద్దున్న బయల్దేరినవాళ్ళు మధ్యాహ్నానికి దిగారు.

ఈసారి ఊరి పెద్ద గవరయ్య తేల్చి చెప్పేశాడు. "ఈసారి కూడా ఆరగింపు గంట మోగాక వస్తే ఆ వంతు మా ఇంటికి!" మనిషి మీసానికి అప్పటికే పొంగలి వాసన తగిలింది.

ఆ రాత్రి నుంచి చిలకమ్మ గుండిగని పక్కలో పెట్టుకుని పడుకుంది.

సరిగ్గా అప్పుడే చలి చూడ్డానికని పట్నం వాళ్ళు ఊళ్ళోకి దిగారు. చలి మనకి ఊరికే వస్తుంది, వాళ్ళు మాత్రం దాని కోసం కార్లేసుకుని, నెత్తికి ఉన్ని టోపీలు పెట్టుకుని వస్తారు! వాళ్ళలో ఓ మేడంగారు టీకొట్టు దగ్గర సెల్ఫోన్లో బొమ్మ చూపించింది. ఎక్కడో చలిదేశం. తెల్లటి నేల. ఒకాయన కాళ్ళకి రెండు చెక్కలు కట్టుకున్నాడు, నడుముకి తాడు, తాడు చివర కుక్క. కుక్క లాగుతోంది, ఆయన రివ్వున జారిపోతున్నాడు.

"దీన్ని స్కీజోరింగ్ అంటారండీ. పెంపుడు కుక్కలతో చలికాలంలో చేసే హాబీ," అంది మేడంగారు.

"హాబీ అంటే ఏటండీ?"

"పనేమీ లేనప్పుడు చేసే పని."

"ఓస్, అదా! మా తమ్ముడు పుట్టిన కాడ్నించి అదే సేస్తన్నాడు," అన్నాడు పారినాయుడు. అని ఠక్కున ఆగిపోయాడు. రివ్వున! కొండ దిగడం రివ్వున! పొంగలి!

అంతే, మేడంగారి కాళ్ళ దగ్గర కూర్చుని ఒక్కో మాటా వేళ్ళ మీద లెక్కపెట్టుకున్నాడు. నేల తెల్లగా ఉండాలి, చల్లగా ఉండాలి, జారాలి. చెక్కలు రెండూ ఒక్కలాగే, మనిషంత పొడుగుండాలి. కుక్కకి ముందు మనం చేసి చూపించాలి, చూసి అదే నేర్చుకుంటుంది. పడిపోతే తాడు వదిలెయ్యాలి.

ఇంటికొచ్చి చెక్కల కోసం వెతికాడు. ఒక్కలాంటివి, మనిషంత పొడుగు... నిచ్చెన! రంపం తెచ్చి మెట్లన్నీ సరిగ్గా మధ్యకి కోసేశాడు. రెండు దువ్వెనల్లాంటి చెక్కలు తేలాయి.

అప్పుడు దాలినాయుడు ఇంటి కప్పు మీద ఆనపకాయ కోస్తున్నాడు.

"అన్నా, నిచ్చెనేదీ?"

"ఒకటి కాదురా, ఇప్పుడు రెండున్నాయి!"

"రెండా! నా కోసమేనా? నీ మనసు బంగారం అన్నా. రెండూ ఇలా ఆనించు, కాలికొకటి పెట్టి దిగుతాను."

ఆనించాడు. పెట్టాడు. ఒక నిచ్చెన తూర్పుకి, ఒకటి పడమటికి బయల్దేరాయి. మధ్యలోంచి దాలినాయుడు పెంటకుప్పలోకి దిగాడు. ఆనపకాయ మాత్రం చెక్కుచెదరలేదు.

"సూశావా వదినా, ఒక నిచ్చెనతో ఇంత వేగంగా ఎప్పుడైనా దిగానా?" అన్నాడు, వీపు దులుపుకుంటూ.

ఇక కుక్కల చదువు. చేసి చూపించమంది కదా మేడంగారు! పారినాయుడు, దాలినాయుడు తాళ్ళు నడుముకి కట్టుకున్నారు. చెక్కల మీద కర్రిగాణ్ణి, బుల్లిగాణ్ణి కూర్చోబెట్టారు. రోజూ పొద్దున్నే వీధి ఈ చివరి నుంచి ఆ చివరికి వీళ్ళు లాగడం, అవి కూర్చోవడం. మూడు వారాలు! జనం గుమ్మాల్లోకి వచ్చి చూసేవారు. కుక్కలు మొదట్లో బెదిరాయి. తర్వాత ఆ సుఖం మరిగాయి. ఆ తర్వాత ఒక పూట ఆలస్యమైతే అరిచి పిలవడం మొదలుపెట్టాయి.

"ఎంత శ్రద్ధగా సూస్తన్నాయో!" అని మురిసిపోయింది చిలకమ్మ.

మిగిలింది నేల. తెల్లగా, చల్లగా, జారుతూ ఉండేది ఏముంది? ముగ్గురూ మూడు పూటలు ఆలోచించారు. చివరికి అన్నం వారుస్తూ చిలకమ్మే కేకేసింది.

"మావా, గంజి!"

ఇంకేముంది! వంతుకి ముందురోజు ఇంటింటి గంజీ బిందెలతో మోసుకొచ్చి కొండ మీంచి కోవెల దాకా దారంతా పోశారు. రాత్రి చలికి అది మీగడలా పేరుకుంది. తెల్లవారేసరికి ఊరికి ఊరే చలిదేశంలా ఉంది. ఆవేళ పశువులకి కుడితి లేదు.

చిలకమ్మ తలస్నానం చేసి, గోవిందా గోవిందా అనుకుంటూ పొంగలి వండింది. గుండిగకి మూత పెట్టి, తడి తువ్వాలుతో మూడు ముళ్ళు వేసింది. రెండు చెక్కలూ పక్కపక్కన చేర్చి గుండిగని వాటి మీద కట్టింది. అప్పటిదాకా కుక్కలు రెండూ ఏం చేస్తున్నాయి? దారిలో గంజి నాకుతున్నాయి! పొట్టలు డోళ్ళలా అయ్యాయి.

"రండ్రా, లాగండి!" అన్నాడు పారినాయుడు.

కర్రిగాడు వచ్చి గుండిగ ముందు కూర్చుంది. బుల్లిగాడు వచ్చి వెనక కూర్చుంది. రెండూ తాళ్ళ వైపు చూశాయి. తర్వాత అన్నదమ్ముల వైపు చూశాయి.

కింద కోవెల్లో డోలు మొదలైంది. డోలు ఆగితే గంటే. చిలకమ్మ కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి.

"మావా, అత్తకి మాటిచ్చాను! ఇవి లాగవేంటి? మూడు వారాలు లాగిందెవరు?"

"మేమే."

"అయితే ఆ విద్య ఎవరికొచ్చినట్టు?"

అన్నదమ్ములు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. "మాకే!" అన్నాడు దాలినాయుడు పొంగిపోతూ. "ఎంత బాగా వచ్చేసిందో సూడన్నా, మనకే తెలీలేదు!"

అంతే, తాళ్ళు పట్టుకుని పరుగు లంకించుకున్నారు. నాలుగడుగులు వేశారో లేదో, గంజి మీద పారినాయుడు వెల్లకిలా పడ్డాడు. పడగానే మేడంగారి మాట గుర్తొచ్చి తాడు వదిలేశాడు. దాలినాయుడు వదల్లేదు.

"ఒరే, వదిలెయ్యరా!"

"పడితే కదన్నా వదలమంది! నేనింకా పడలేదు!"

"అయితే పడరా!"

"అలాగేనన్నా!" అని శ్రద్ధగా పడ్డాడు. పడ్డాక వదిలాడు.

ఇంకేముంది! ముందు కర్రిగాడు, వెనక బుల్లిగాడు, మధ్యలో పొంగలి. ఊరేగింపులా, చెవులు గాలికి ఎగురుతూ, రివ్వున కొండ దిగాయి.

కింద గవరయ్య గంట తాడు పట్టుకుని నిలబడ్డాడు. డోలు ఆగింది. చెయ్యి ఎత్తాడు. సరిగ్గా అప్పుడే చెక్కలొచ్చి చలిమంట కోసం పేర్చిన గడ్డికుప్పలో దిగబడ్డాయి. మూత కదల్లేదు. ముడి వీడలేదు. కడుపు నిండిన కుక్కలు గుండిగని మూతితో ముట్టుకోనైనా లేదు.

"ఆచార్లుగారూ! కుక్కలు తెచ్చింది నైవేద్యమా?" అన్నాడు గవరయ్య.

ఆచార్యులుగారు వంగి ముడి చూశారు. "ముడి వేసినట్టే ఉంది గవరయ్యా. పోయినేడు నీ వంతు పొంగలి తెచ్చినప్పుడు నీ మీసానికి జీడిపప్పు అంటుకుని ఉంది. నేనేమన్నా అన్నానా?"

గవరయ్య చప్పున తాడు లాగి గంట కొట్టాడు. వంతు నిలిచింది.

స్వామికి ఆరగింపు అయింది. జనమంతా దోసిళ్ళు పట్టి ముందుకొచ్చారు. ఆచార్యులుగారు అందర్నీ దాటుకుని గడ్డికుప్ప దగ్గరికి వెళ్ళారు. విస్తరాకు వేసి, పొంగలి చేత్తో చల్లార్చి, రెండు కుక్కల ముందూ పెట్టారు. "మోసుకొచ్చిన వాళ్ళకి మొదటి ముద్ద. మనం తర్వాత," అన్నారు. కడుపు నిండినా పొంగలికి చోటు వేరే ఉంటుంది, మీకు తెలీదా ఏమిటి? రెండూ తోకలాడిస్తూ తిన్నాయి.

అప్పటికి ముగ్గురూ దొర్లుకుంటూ దిగారు. ఎండ తగిలి ఒంటి మీద గంజి ఆరి, ఇస్త్రీ చొక్కాల్లా బిగుసుకుపోయారు. దణ్ణం పెడదామంటే చేతులు వంగవు! ఆచార్యులుగారు మిగిలిన పొంగలి గుండిగతోనే చిలకమ్మకిచ్చి, "ఇంటి దగ్గర కూడా ఇలాగే, మోసినవాళ్ళకే ముందు పెట్టమ్మా," అన్నారు.

"అక్షరం పొల్లు పోదు స్వామీ!"

కొండెక్కుతూ ముగ్గురూ ఆలోచించారు.

"కుక్కలు కూర్చున్నాయి కదా. మోసింది చెక్కలు," అన్నాడు దాలినాయుడు. చెక్కలకి చెరో గరిటె పులిమాడు.

"చెక్కల్ని మోసింది గంజి. గంజిని మోసింది కొండ," అన్నాడు పారినాయుడు.

"ఓలమ్మా! ఇంత కొండకి ఒక్క ముద్దేం సరిపోద్ది?" అంది చిలకమ్మ. గుండిగ బోర్లించి, గంజి పోసిన దారంతా కింద నుంచి పై దాకా పొంగలి మెత్తేసింది.

"మరి మనకో?" అన్నాడు దాలినాయుడు.

"మనమేం మోశాం మరిదీ?"

నిజమే కదా అనుకుని ముగ్గురూ ఖాళీ కడుపుతో గుమ్మంలో కూర్చున్నారు. కర్రిగాడు, బుల్లిగాడు కొండ దిగుతూ నాకుతున్నాయి. ఎంత శ్రద్ధగా కొండ శుభ్రం చేస్తున్నాయో అని ముగ్గురూ మురిసిపోయారు.

అదీ కథ. ఇంత విన్నారు కదా, అంతా మర్చిపోండి, ఒక్కటి మాత్రం కొంగున ముడేసుకోండి. ఆ ఆచార్యులుగారు వరస దాటుకుని వెళ్ళి, మోసినవాళ్ళ ముందు మొదటి ఆకు వేశారే, ఆ పని. ఇవాళ ఇంటికెళ్ళాక మీరూ చేయండి. ఆ నీళ్ళ బిందె మోసిందెవరు, ఆ బియ్యం బస్తా దించిందెవరు, చూసి మొదటి ముద్ద పెట్టండి.

చూసి పెట్టమన్నాను నాయనా. బిందెకి కాదు.