జక్కరయ్య ఎర్త్ వైరు

కాకినాడ జగన్నాథపురంలో జక్కరయ్య అనే గిటార్ల మెకానిక్ ఉండేవాడు. చేయి మంచిదే గానీ, ‘నాకు తెలియనిదేముంది’ అనే జబ్బు మాత్రం మందులకు లొంగని దశకు చేరింది. ఏ గిటారు ఎలా గురగురలాడినా ఆయన వైద్యం ఒక్కటే. కనబడిన ప్రతి నల్ల వైరునీ ఎర్త్‌కి కలిపి టంకం పెట్టేసేవాడు. కొట్లో కూర్చున్నవాళ్లు తమకి కూడా ఎర్త్ కలిపేస్తాడేమోనని కాళ్లు దగ్గరికి లాక్కునేవాళ్లు.

ఒక వానాకాలం మేనకోడలు కెజియా తన గిటారుకి కొత్త పికప్పులు తెచ్చింది. తీగల మోతను పట్టేవి అవే. ఇవి బ్యాటరీతో పనిచేసే రకం.

“మావయ్యా, బ్యాటరీ నల్ల వైరు ఎర్త్‌కి కలపకూడదంట. కేబుల్ గుచ్చే ఈ జాక్‌కి మూడు కాళ్లున్నాయి చూడు, మధ్య కాలికి కలపాలంట. కేబుల్ గుచ్చితే బ్యాటరీ లేస్తుంది, తీస్తే పడుకుంటుంది. కాగితంలో రాశారు.”

“ఆ కాగితం రాసినోడు ఎన్ని గిటార్లు బాగుచేశాడే? నేను టంకం పట్టేనాటికి నీకు పళ్లే రాలేదు.”

“ఇప్పుడు నీకు ఊడుతున్నాయిగా,” అంది కెజియా.

జక్కరయ్య పకపకా నవ్వాడు. నవ్వుతూనే నల్ల వైరుని ఎర్త్‌కి కలిపేశాడు. మధ్య కాలు ఖాళీగా మిగిలింది. గిటారు ఖంగున మోగింది. “చూశావా?” అన్నాడు. అది మొదలు గిటారు సంచిలో ఉన్నా సరే, బ్యాటరీ రాత్రీ పగలూ కొంచెం కొంచెంగా కరిగిపోతూనే ఉంది.

ఐదు నెలలకు కాలేజీ వార్షికోత్సవం వచ్చింది. ఆ సాయంత్రం బాగా వాయిస్తే కాలేజీ బృందంలో మొదటి గిటారు కెజియాదే. లేకపోతే ఇంకో ఏడాది వెనక వరసే. జక్కరయ్య కొత్త చొక్కా తొడుక్కుని, “ఆ పికప్పులు నా చేతిపనే,” అని పక్కవాళ్లకి చెప్పుకుంటున్నాడు. రెండో చరణంలో గిటారు బొంగురుపోయింది. మూలిగింది. ఆపైన మూగబోయింది.

జక్కరయ్య కుర్చీలోంచి లేచాడు. ‘ఏడాది దాటి రావాల్సిన బ్యాటరీ! దాన్ని నేనే నిద్రపోనివ్వలేదు,’ అనుకున్నాడు. ఒక్క దూకులో స్టేజీ ఎక్కాడు. అలాంటి చదరపు బ్యాటరీ ఇప్పుడెక్కడ దొరుకుతుంది? అప్పటికే నలభై నిమిషాలు మాట్లాడి, పాట అయ్యాక మళ్లీ మాట్లాడదామని పక్కనే నిలబడ్డ ముఖ్య అతిథి చేతిలోని వైరులేని మైకులో!

“అయ్యా, ఒక్కసారి ఇలా ఇవ్వండి,” అంటూ మైకు అందుకుని, బ్యాటరీ ఊడదీసి గిటారులో పెట్టాడు.

గిటారు గొంతు లేచింది, ముఖ్య అతిథి గొంతు పడింది. హాలు దేనికి ఎక్కువ చప్పట్లు కొట్టిందో ఇప్పటికీ తేలలేదు. కెజియా వేళ్లు తీగల మీద పరుగులు తీశాయి. మొదటి గిటారు ఆమెకే ఇచ్చారు.

“తప్పు బ్యాటరీది కాదే, నాది,” అన్నాడు జక్కరయ్య అందరి ముందూ. “రేపే సరిచేస్తా. ఎలాగో నువ్వే చెప్పు, నోరు మూసుకుని వింటా.”

“అంత కష్టం నీకొద్దులే మావయ్యా, చెవులు తెరిస్తే చాలు,” అంది కెజియా.

చేతికి ఎంత పనితనం ఉన్నా, కొత్త వస్తువు ముందు కూర్చున్నప్పుడు చిన్నవాళ్లు చెప్పినా విని నేర్చుకోవాలి.