ఎముకలో దిగిన పళ్ళు

ఆ రాజ్యంలో పాతర మూయాలంటే ముందు ముసలమ్మ గింజ కొరకాలి.

కోతలయ్యాక జొన్నలన్నీ కోట ముందున్న పెద్ద పాతరలో పోసేవారు. రాతిమూత వేసే ముందు ఆవిడ పైనుంచి ఒక గింజ తీసి పంటి కింద పెట్టేది. కటుక్కుమంటే ఎండినట్టు, మూత వేసేవారు. మెత్తగా నలిగితే పచ్చి అన్నట్టు, జొన్నలు మళ్ళీ ఎండకు వెళ్ళేవి. వేసవిలో ఊళ్ళన్నిటికీ ఆ పాతరే తిండి. అందుకని ఆవిడ కాదంటే రాజు కూడా మారుమాట్లాడేవాడు కాదు.

వయసు మీదపడి ఆవిడ పళ్ళన్నీ రాలిపోయాయి. అందుకు ఏడ్చినవాళ్ళు లేరు గానీ, లోలోపల పండగ చేసుకున్నవాడు ఒకడున్నాడు. అతను రాజుగారి బావమరిది. రాచపొలాల జొన్నలు పాతరకు తోలే పని అతనిదే. నీళ్ళు చల్లితే జొన్నలు ఉబ్బుతాయి, తక్కువ గింజలతోనే కొలత నిండుతుంది, మిగిలింది తన ఇంటికి పోతుంది. ఈ విద్య అతనికి ఎప్పటినుంచో తెలుసు. ఇన్నాళ్ళూ ఆవిడ పళ్ళు అడ్డం వచ్చాయంతే.

"పాపం, ముసలమ్మకి మనమే పళ్ళు కట్టిద్దాం బావా" అన్నాడు రాజుతో, ఎక్కడలేని దయా ఒలకబోస్తూ.

ఏనుగు దంతంతో చేసిన పలువరుస వచ్చింది. నవ్వితే బాగానే ఉండేది. కొరికితే చిగుళ్ళ మీద జారిపోయేది. ఎండుగింజైనా పచ్చిగింజైనా ఆవిడకి ఒకేలా తోచేది. ఆ ఏడు ఆవిడ కొరికి, తేల్చుకోలేక, పదిమందిలో సిగ్గుపడి తల ఊపేసింది. వేసవిలో పాతర తెరిస్తే కంపు. ఊళ్ళు ఆకులు ఉడకేసుకుని తిన్నాయి. ఆవిడ వీధిలోకి వస్తే జనం తలుపులు వేసుకున్నారు.

ఆవిడకి ఆ తలుపుల మీద కోపం రాలేదు. తన నోట్లో ఉన్నదాని మీద వచ్చింది. దాన్ని తీసి పెంటకుప్పలో పారేసి, పళ్ళు కట్టే వైద్యుడి ఇంటికి నడిచింది.

"జారని పళ్ళు కావాలి నాయనా."

"జారకూడదంటే చిగుళ్ళ మీద కూర్చుంటే చాలదమ్మా, ఎముకలో దిగాలి. దవడల్లో మరమేకులు దించి, వాటి మీద పలువరుస బిగించాలి. నొప్పి సంగతి అటుంచండి, ఎముక మేకుల్ని పట్టుకునేదాకా నెలల తరబడి గంజే."

"పట్టుకుంటుందా? నా ఎముకకీ నా అంత వయసుంది."

"పని లేకే అరిగిపోతోందమ్మా అది. పని పెడితే పట్టుకుంటుంది."

"అయితే పెట్టు."

చెంపలు వాచిపోయి ఆవిడ అరుగు మీద గంజి తాగుతుంటే బావమరిది పలకరించడానికి వచ్చాడు. "ఈ వయసులో ఎందుకమ్మా ఈ బాధ? నవ్వడానికి మేం కట్టించిన పళ్ళు చాలవూ?"

"నవ్వడానికి పళ్ళెందుకు నాయనా, నిన్ను చూస్తే చాలదూ" అంది.

మళ్ళీ కోతలయ్యాయి. కొత్త పలువరుస బిగించుకుని ఆవిడ పాతర దగ్గరికి వచ్చింది. ఆవిడకి భయంగానే ఉంది. రాజంటే భయం లేదు, ఎముక పట్టు వదిలేస్తుందేమోననే భయం. గింజ పంటి కింద పెట్టి గట్టిగా కొరికింది. పళ్ళు కదల్లేదు. గింజ మెత్తగా నలిగింది.

"పచ్చి" అంది.

"మళ్ళీ చూడు" అన్నాడు రాజు.

"చూశాను ప్రభూ. పచ్చే."

బావమరిది ముందుకొచ్చాడు. "పెట్టుడు పళ్ళు చెప్పే సాక్ష్యం మనం వినాలా బావా? అవి ఆవిడవే కావు."

బావమరిది తోలిన జొన్నల్ని పదిమందిలో పచ్చి అనక తప్పే దారి దొరికి రాజుకి ప్రాణం లేచొచ్చింది. "నిజమే. ఊడదీయండి" అన్నాడు భటులతో.

వైద్యుడు అడ్డం వచ్చాడు. "పలువరుస వస్తుంది ప్రభూ, మేకులు రావు. వాటిని ఎముక పట్టేసుకుంది. లాగితే దవడ వస్తుంది."

"ఎవరూ లాగక్కర్లేదు" అంటూ ముసలమ్మ తనే బొటనవేలితో పలువరుస ఊడదీసి, రాజు పక్కనున్న పళ్ళెంలో పెట్టింది. చెంపలు లోపలికి పోయాయి. దవడల్లో మేకులు మాత్రం ఎండకు మెరిశాయి.

పాతరలోంచి ఇంకో గింజ తీసి రాజుకి అందించింది. "మీవి పుట్టు పళ్ళే కదా ప్రభూ. మీరు కొరకండి." మాట ముద్దగా వచ్చినా అందరికీ అర్థమైంది.

కాదనే వీల్లేక రాజు గింజ నోట్లో వేసుకున్నాడు. బావమరిది అతని మొహంలోకే చూస్తున్నాడు. జనం చెవులు రిక్కించారు. రాజు దవడ కదల్లేదు. కాసేపటికి గొంతు మాత్రం కదిలింది. గింజని కొరక్కుండా మింగేశాడు.

"మూయండి" అన్నాడు.

ముసలమ్మ పళ్ళెంలోంచి తన పలువరుస తీసుకుని నోట్లో బిగించుకుంది. మూత ఎత్తి పట్టుకున్నవాళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. తర్వాత ఆ బండని పాతర మీద వేయకుండా, తీసుకెళ్ళి రాజు కాళ్ళ ముందు దించారు.